ఇంటి ఫర్నేస్ - శీతకాలపు సన్నాహం

ఫర్నేస్ అనగా చలి దేశాలలో ఇంటినంతటినీ ఒకేచోటి నుండి వెచ్చబరచే యంత్రం. ఈ ఆంగ్ల పదానికి కొలిమి అనే అర్థం కూడా ఉన్నది. అయితే ఇది కమ్మరి కొలిమి వంటిది కాదు. గాలిని వేడిచేసి గొట్టాల ద్వారా గదులకు పంపే ఇనుప పెట్టె. అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడాలలో సహజవాయువుతో నడిచే ఫర్నేసులు విరివిగా వాడుకలో ఉన్నవి. వేసవి అంతా ఊరకే ఉన్న ఈ యంత్రాన్ని చలి ముదరక ముందే, సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరు నెలలలో, పరీక్షించి సిద్ధం చేసుకొంటారు. ఇంధనపు ఖర్చు తగ్గుతుందని చాలామంది ఈ పని చేయిస్తారు గాని, నిజానికి ఇందులో ప్రాణరక్షణకు సంబంధించిన విషయమే ముఖ్యమైనది.

నేపథ్యం

తెలుగు నేలపై లంబసింగి, అరకు వంటి మన్యపు ఊళ్ళలో చలి గట్టిగా ఉన్నా అక్కడివారు కుంపటితోనో నెగడుతోనో సరిపెట్టుకొంటారు. అందువలన చదువుకో ఉద్యోగానికో చికాగో, మినియాపొలిస్, టొరంటో వంటి నగరాలకు వెళ్ళే తెలుగువారికి ఫర్నేస్ కొత్త వస్తువే. చికాగోలో 1985 జనవరి 20న ఉష్ణోగ్రత సున్నాకు దిగువన సుమారు 33 డిగ్రీల సెల్సియస్ వరకు పడిపోయినది. అటువంటి రోజున ఫర్నేస్ ఆగితే ఇల్లు త్వరగా చల్లబడుతుంది. గోడలలోని గొట్టాలలో నీరు గడ్డకడుతుంది. నీరు మంచుగా మారినపుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది కనుక గొట్టాలు పగిలిపోతాయి. ఊరికి వెళ్ళేటపుడు కూడా ఫర్నేసును పూర్తిగా ఆపకుండా 55 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 13 డిగ్రీల సెల్సియస్) వద్ద ఉంచి వెళ్ళడానికి ఇదే కారణం.

చరిత్ర

గదిలోని వేడిని తనంతట తానే అదుపు చేసే థర్మోస్టాట్ ఒక ఉపాధ్యాయుని ఆలోచన. విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన వారెన్ జాన్సన్ విద్యుత్ థర్మోస్టాటుకు 1883లో పేటెంటు పొందినాడు. అంతకుముందు గది ఎంత వేడిగా ఉన్నదో చూడడానికి కళాశాల సేవకుడు తరగతుల మధ్యలో లోపలికి వచ్చి పోవలసి వచ్చేది. పాఠం చెప్పేవారికి అది ఎంత విసుగో చెప్పనక్కరలేదు. సహజవాయువుతో ఇంటిని వేడిచేసే ఒక విధానానికి న్యూజెర్సీకి చెందిన ఆలిస్ పార్కర్ అనే ఆఫ్రికన్ అమెరికన్ మహిళ 1919 డిసెంబరు 23న పేటెంటు పొందినది.

పనిచేయు విధానం

గది ఉష్ణోగ్రత నిర్ణయించిన స్థాయికంటె తగ్గగానే థర్మోస్టాట్ ఫర్నేసుకు సంకేతం పంపుతుంది. మొదట ఒక చిన్న ఫ్యాను తిరిగి లోపల మిగిలిన వాయువులను బయటకు తోస్తుంది. తరువాత ఇగ్నైటర్ ఎర్రగా కాగి, గ్యాసు వాల్వు తెరుచుకొని, బర్నర్లు వెలుగుతాయి. మంట నిజంగా వెలిగినదో లేదో ఒక సెన్సారు గమనిస్తుంది. వెలగకపోతే కొద్ది సెకనులలోనే గ్యాసు ఆగిపోతుంది. పాత ఫర్నేసులలో ఇగ్నైటరుకు బదులు పైలట్ అనే చిన్న దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉండేది.

ఈ మంట వేడిని గాలికి అందించేది హీట్ ఎక్స్ఛేంజర్. యంత్రమంతటికీ కీలకమైన భాగం ఇదే. మండిన వాయువులు లోహపు గొట్టాల లోపలి నుండి పోతాయి; ఇంటిలోని గాలి ఆ గొట్టాల వెలుపలి నుండి పోతుంది. ఈ రెండూ ఎన్నడూ కలవకూడదు. నడుమనున్న పలుచని లోహపు గోడ గుండా వేడి మాత్రమే దాటి వస్తుంది. వేడెక్కిన గాలిని బ్లోయర్ అనే పెద్ద ఫ్యాను గదులకు పంపుతుంది, చల్లబడిన గాలి వేరే గొట్టాల ద్వారా తిరిగి ఫర్నేసుకు చేరుతుంది. మండిన వాయువులు పొగగొట్టం ద్వారా ఇంటి బయటకు పోతాయి.

ఫిల్టరు

తిరిగి వచ్చే గాలిలోని దుమ్మును ఫిల్టరు పట్టి ఉంచుతుంది. ఒక అంగుళం మందం గల ఫిల్టరును 1 నుండి 3 నెలలకొకసారి మార్చవలసి ఉంటుంది. ముందుగా ఫర్నేస్ స్విచ్చి ఆపి, ఫిల్టరు చట్రంపై ముద్రించిన బాణం గుర్తు ఫర్నేసు వైపు ఉండేలా అమర్చాలి. చిన్న పనే గాని, దీనిని మరచిపోవడం వలన కలిగే చేటు చిన్నది కాదు. ఫిల్టరు దుమ్ముతో మూసుకొనిపోతే గాలి తగ్గి హీట్ ఎక్స్ఛేంజర్ మితిమీరి వేడెక్కుతుంది. రక్షణ స్విచ్చి మంటను ఆపివేస్తుంది. చల్లబడగానే మరల వెలుగుతుంది. ఇలా పదేపదే కాగి చల్లారిన లోహం కొన్నేళ్ళకు పగులు పట్టవచ్చును. మరీ దట్టమైన ఫిల్టరు అమర్చినా కొన్ని ఫర్నేసులలో ఇదే ఇబ్బంది కలుగుతుంది. గదులలో గాలి వచ్చే జాలీలకు సోఫాలు, పెట్టెలు అడ్డుపెట్టరాదు.

మంట, పొగగొట్టం

సరిగా మండే సహజవాయువు మంట నిలకడగా నీలిరంగులో ఉంటుంది. వంటగ్యాసు పొయ్యి వాడేవారికి ఇది తెలిసినదే. మంట పసుపురంగుకు తిరిగితే గిన్నెలకు మసి పడుతుంది. ఫర్నేసులో మంట పసుపురంగులో ఊగిసలాడుతుంటే దహనం పూర్తిగా జరగడం లేదని అనుమానించి మెకానిక్కును పిలవాలి. బర్నర్లను శుభ్రపరచడం, హీట్ ఎక్స్ఛేంజరులో పగుళ్ళు వెదకడం, గ్యాసు పీడనం కొలవడం శిక్షణ పొందినవారు చేయవలసిన పనులు. వీటికై ఏడాదికొకసారి మెకానిక్కును రప్పించడం మంచిది.

పొగగొట్టాన్ని మాత్రం ఇంటివారు బయటి నుండి చూసుకోవచ్చును. వేసవిలో పక్షులు అందులో గూళ్ళు కట్టుకొంటాయి. 90 శాతానికి పైగా సామర్థ్యం గల కొత్త ఫర్నేసులలో వాయువులు చాలవరకు చల్లబడి బయటకు వస్తాయి కనుక ప్లాస్టిక్ గొట్టాన్ని ప్రక్కగోడ గుండా బయటకు తీస్తారు. ఇది నేలకు దగ్గరగా ఉంటే పెద్ద మంచు కురిసినపుడు పూడుకొనిపోవచ్చును. మంచు పడిన ప్రతిసారీ దీని చుట్టూ తవ్వి తీయాలి.

ఏడాదిలో మొదటిసారి వెలిగించినపుడు దుమ్ము మాడిన వాసన వస్తుంది. కొన్ని గంటలలో అది పోతుంది; పోకపోతే యంత్రాన్ని ఆపి పరీక్ష చేయించాలి.

కార్బన్ మోనాక్సైడ్

దహనం సరిగా జరగనపుడు కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా పుడుతుంది. హీట్ ఎక్స్ఛేంజర్ పగిలినా, పొగగొట్టం మూసుకొనిపోయినా అది ఇంటి గాలిలో కలిసే ప్రమాదం ఉన్నది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకొంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం మొదటి లక్షణాలు. ఫ్లూ అనుకొని పడుకొన్నవారు మరి లేవకపోవచ్చును. జ్వరం లేకపోవడం, ఇంటిలో అందరికీ ఒకేసారి రావడం, ఆరుబయటకు వెళ్ళగానే తగ్గడం గమనించవలసిన గుర్తులు. అమెరికాలో అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండా ఈ వాయువు వలన ఏటా 400 మందికి పైగా మరణిస్తున్నారు.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటి ఉన్నది. గ్యాసు లీకైతే వాసన వస్తుంది కదా అని ధైర్యపడతారు. నిజానికి సహజవాయువుకు వాసన లేదు. 1937 మార్చి 18న టెక్సాస్‌లోని న్యూ లండన్ పాఠశాలలో గ్యాసు పేలి సుమారు 300 మంది, అందులో అత్యధికులు విద్యార్థులు, మరణించిన తరువాతనే గ్యాసుకు కుళ్ళిన వాసన గల రసాయనం కలపడం నియమమైనది. ఆ వాసన మండని గ్యాసును మాత్రమే పట్టిస్తుంది. కార్బన్ మోనాక్సైడుకు రంగు, రుచి, వాసన ఏవీ లేవు. దానిని కనిపెట్టగలిగేది అలారమే. ప్రతి అంతస్తులోను, పడకగదుల దగ్గర అలారం ఉండాలి. దాని సెన్సారు శాశ్వతం కాదు. 5 నుండి 10 ఏళ్ళలో పరికరాన్నే మార్చాలి, గడువు తేదీ దానిపైనే ఉంటుంది. అలారం మ్రోగితే కిటికీలు తెరుస్తూ కూర్చోక, అందరూ బయటకు వెళ్ళి 911కు ఫోను చేయాలి.

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించి మరణించే ఘటనలు భారతదేశంలోనూ చలికాలంలో జరుగుతుంటాయి. వాటికి కారణమూ ఈ వాయువే.

అద్దె ఇళ్ళు

విద్యార్థులు ఎక్కువగా అద్దె ఇళ్ళలో ఉంటారు. అక్కడ ఫర్నేస్ బాధ్యత సాధారణంగా యజమానిది. న్యూయార్క్ నగరంలో అక్టోబరు 1 నుండి మే 31 వరకు, బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటె తగ్గినపుడు, పగటివేళ ఇంటిలో కనీసం 68 డిగ్రీలు ఉండేలా యజమాని చూడాలి. రాత్రివేళ బయటి చలితో నిమిత్తం లేకుండా కనీసం 62 డిగ్రీలు ఉండాలి. వేడి చాలనపుడు గ్యాసు ఓవెన్ వెలిగించి తలుపు తెరిచి ఉంచడం చాలా ప్రమాదకరం.

విద్యుత్తు ఆగినపుడు

మండేది గ్యాసే అయినా బ్లోయరుకు, ఇగ్నైటరుకు విద్యుత్తు కావాలి. 2021 ఫిబ్రవరిలో తెలుగువారు అధికంగా నివసించే డల్లాస్, హ్యూస్టన్ నగరాలతో సహా టెక్సాస్ రాష్ట్రాన్ని మంచు తుఫాను ముంచెత్తినపుడు లక్షలాది ఇళ్ళకు విద్యుత్తు ఆగిపోయినది. చలికి తాళలేక కొందరు ఇంటిలోపల బొగ్గుల గ్రిల్లు వెలిగించినారు, మరికొందరు గ్యారేజీలో కారు ఇంజను నడుపుతూ అందులో కూర్చున్నారు. ఇలా కార్బన్ మోనాక్సైడుకు గురై కొందరు మరణించినారు. జనరేటరు వాడవలసి వస్తే దానిని గ్యారేజీలో గాని వసారాలో గాని కాక, ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ కిటికీలవైపు రాకుండా ఉంచాలి.