బార్కాస్: మక్ఖీ నుంచి ఎర్రచుక్క దాకా

చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటి బార్కాస్‌లోకి వస్తే ముందు జామపండ్ల వాసన పలకరిస్తుంది. తోపుడు బండ్ల మీద, గంపల్లో, నేల మీద పరిచిన గోనెసంచుల మీద ఎటు చూసినా జామకాయలే. లుంగీ కట్టుకుని బేరమాడే పెద్దలు, పేరు మధ్యలో ‘బిన్’ ఉన్న దుకాణాల బోర్డులు, హరీస్ ఉడికే డేగిషాలు, మండీ పళ్లెం చుట్టూ చేరిన కుర్రాళ్లు. పాతబస్తీ చూడ్డానికి వచ్చినవాళ్లలో చాలామంది చార్మినార్ దగ్గర గాజులు కొనుక్కుని వెనక్కి తిరుగుతారు. ఇంకాస్త ముందుకొచ్చి ఈ వాడను కూడా చూడాలని నా కోరిక.

బార్కాస్ అంటే అరబ్బీ మాటలా వినిపిస్తుంది గానీ కాదు. ‘బ్యారక్స్’ జనం నోట అరిగి అలా మిగిలింది. నిజాం కొలువులో చేరిన అరబ్బు సిపాయిల బస ఇది. వాళ్లలో ఎక్కువమంది ఇప్పటి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లు. ఆ కొలువు చిన్నదేమీ కాదు. 19వ శతాబ్దంలో హైదరాబాద్‌లో జమేదారుగా ఎదిగిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖువైతీ ఇక్కడి సంపాదనతో సొంత గడ్డ మీద పట్టు సాధించాడు. అతని వంశం హద్రమౌత్‌లో 1967 వరకు సుల్తానులుగా ఏలింది. అరేబియా తీరంలోని ఆ రాజ్యానికి పునాది సొమ్ము పడింది మన మూసీ ఒడ్డున.

ఆ సిపాయిల నడుముకు జంబియా కత్తి, భుజాన వత్తి తుపాకి. హద్రమౌత్‌లో ఆ తుపాకిని ‘అబూ ఫతీలా’ అంటారు, ‘వత్తికి తండ్రి’ అని. మండుతున్న వత్తి మందు మీదికి వంగేదాకా గురి చెదరకుండా చేయి బిగబట్టాలి. ఉర్దూలో గురికి సంబంధించిన పాత మాటలు నాకెంతో ఇష్టం. తుపాకి గొట్టం కొసన నిలబడ్డ చిన్న మొట్టను ‘మక్ఖీ’ అన్నారు, అంటే ఈగ. గురి చూసే సాధనానికి ‘దీద్‌బాన్’ అన్న పేరుంది, అంటే కావలివాడు. కొసన వాలిన ఈగను శత్రువు ఛాతీ మీద కూర్చోబెట్టడమే సిపాయి విద్య.

ఆ విద్యలోని కష్టమంతా కంటిది. వెనక గురి, ముందు గురి, లక్ష్యం అనే మూడూ ఒకే గీత మీదికి రావాలి. మూడూ మూడు దూరాల్లో ఉంటాయి, కన్ను ఒకసారికి ఒక్క దూరాన్నే తేటగా చూడగలదు. అందుకే మక్ఖీని తేటగా చూడు, లక్ష్యం మసకబారినా సరే అని నేర్పుతారు. నలభై దాటి చత్వారం మొదలయ్యాక ఆ మక్ఖీ కూడా మసకేస్తుంది. గురికాడి వయసు ముందు కంటిలోనే బయటపడుతుంది.

దీనికి విరుగుడు గాజులో దొరికింది. డబ్లిన్‌కు చెందిన హోవర్డ్ గ్రబ్ టెలిస్కోపులు తయారుచేసేవాడు. లక్ష్యం మీద వెలుగు గుర్తు తేలినట్టు కనిపించే గురియంత్రాన్ని 1900లో రూపొందించాడు. అది ముందుగా యుద్ధవిమానాలకు పనికొచ్చింది. సైనికుడి రైఫిల్ మీద ఇమిడే రూపం రావడానికి ఇంకా డెబ్బై ఏళ్లకు పైనే పట్టింది. స్వీడన్‌లో ఎయిమ్‌పాయింట్ సంస్థ 1975లో ఎలక్ట్రానిక్ రెడ్ డాట్ సైట్ తెచ్చింది. లోపల చిన్న ఎల్ఈడీ, ఎదురుగా కాస్త ఒంపు తిరిగిన అద్దం. ఆ అద్దం పూత ఎర్ర వెలుగును మాత్రమే వెనక్కి తిప్పి, మిగతా దృశ్యాన్ని లోపలికి రానిస్తుంది. తిరిగొచ్చే కిరణాలు సమాంతరంగా రావడంతో చుక్క అద్దం మీద కాక దూరాన లక్ష్యం మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. తల కొంచెం కదిలినా చుక్క గురిని దాదాపు వదలదు. రెండు కళ్లూ తెరిచే కాల్చవచ్చు, కాబట్టి పక్క నుంచి వచ్చేవాడూ కనబడతాడు. మామూలుగా వాడే చుక్క 100 మీటర్ల దగ్గర ఆరు సెంటీమీటర్ల మేర కప్పుతుంది, నిమ్మకాయంత. అమెరికా సైన్యం ఎం68 పేరుతో తీసుకున్నది ఈ సంస్థ సైటునే. సైనికుడు మూడింటిని కలపనక్కర్లేదు. చుక్కను లక్ష్యం మీద ఉంచితే చాలు.

ఇక బార్కాస్ పొరుగున ఏముందో చూడండి. జామకాయల బజారు నుంచి కాస్త దూరంలోనే కంచన్‌బాగ్. అక్కడున్న క్షిపణి పరిశోధనశాల డీఆర్‌డీఎల్ 1962లో హైదరాబాద్‌కు వచ్చింది. క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ 1970లో మొదలైంది. ఆ సంస్థ తొలి క్షిపణి ఫ్రెంచి లైసెన్సుతో చేసిన ఎస్ఎస్-11, ట్యాంకులను కొట్టేది. దాన్ని వదిలాక సైనికుడు దూసుకుపోతున్న క్షిపణినీ లక్ష్యాన్నీ రెంటినీ చూస్తూ, చేతిలోని పుల్లను కదిలిస్తూ దారి పట్టించాలి. వత్తి తుపాకి కాలం నాటి భారం కన్నా ఇది ఎక్కువే.

తరవాత వచ్చిన మిలాన్ ఆ భారాన్ని సగానికి తగ్గించింది. సైనికుడు అద్దంలోని అడ్డగీతల కూడలిని ట్యాంకు మీద నిలిపితే చాలు. క్షిపణి తోక మంటను మరో పరారుణ కన్ను గమనిస్తుంది. అది ఎంత పక్కకు పోయిందో లెక్కగట్టి, వెనకే విప్పుకుంటూ పోయే సన్నని తీగ గుండా సవరణ పంపుతుంది. రైఫిల్‌తో గురి మీట నొక్కడంతో అయిపోతుంది. మిలాన్‌తో అప్పుడే మొదలవుతుంది. దాదాపు రెండు కిలోమీటర్లు పోవడానికి పన్నెండు సెకన్లకు పైనే పడుతుంది. అవతల నుంచి గుళ్లు వస్తున్నా ఆ పన్నెండు సెకన్లూ కూడలి కదలకూడదు. మనం బండి ఆపి జామకాయ బేరం తెంచుకునే లోపు గడిచిపోయే కాలమే, కానీ ఆ అద్దం వెనక ఉన్న మనిషికి అదెంత పొడుగో ఊహించుకోండి. ఆ భారాన్ని కూడా తీసేయాలనే 1983లో అబ్దుల్ కలాం నాయకత్వాన మొదలైన క్షిపణుల కార్యక్రమంలో ‘నాగ్’ చేరింది. వేడిని చూసే కన్ను దాని తలలోనే ఉంటుంది. లక్ష్యాన్ని ఒకసారి చూపించి వదిలేస్తే దాని దారి అది చూసుకుంటుంది. 2021లో ఇక్కడికి దగ్గర్లోనే మిధాని–ఒవైసీ దారిలో తెరిచిన ఫ్లైఓవర్‌కు కలాం పేరు పెట్టడం నాకు న్యాయంగా తోస్తుంది.

రాత్రి గురి మాత్రం మచిలీపట్నం పని. గోల్కొండ సుల్తానుల రేవుపట్నం అది. అక్కడ 1926లో వెలసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. నక్షత్రాల వెలుతురును వేలరెట్లు పెంచి చీకటిని ఆకుపచ్చగా చూపే సాధనాలు అక్కడ తయారవుతాయి. దగ్గర్లోని నిమ్మలూరులో సుమారు రూ.360 కోట్లతో కట్టిన కొత్త కర్మాగారాన్ని 2025 అక్టోబరులో జాతికి అంకితం చేశారు.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిశాక నిజాం అరబ్బు బలగాలు రద్దయ్యాయి. తుపాకులు పోయాయి, బ్యారక్స్ వీధులయ్యాయి. ఆ సిపాయిల పిల్లలు దుకాణాలు పెట్టారు, గల్ఫ్ విమానాలెక్కారు. కంచన్‌బాగ్‌లో సాయంత్రం షిఫ్టు ముగించి వచ్చేవాళ్లలో కొందరు ఇటు మళ్లి జామకాయలు కొనుక్కుపోతారు. ఈసారి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్తే (శుక్రవారం సెలవు) ఆయుధాల గదిలో కత్తుల పిడుల దగ్గరే ఆగిపోకండి. పాత తుపాకుల దగ్గరికి వెళ్లి, వంగి, గొట్టం కొసన మక్ఖీ ఎక్కడ వాలిందో చూడండి. తిరుగు దారిలో బార్కాస్ వెళ్లి కిలో జామకాయలు తెచ్చుకోండి.