అమ్మమ్మ పెరట్లో కరివేపాకు

మన మెస్ సాంబార్‌లో కరివేపాకుకి కొదవ లేదు, వాసనకే కొదవ. చాలాకాలం వంటవాళ్ళనే తిట్టుకున్నాను. మొన్న సెలవుల తర్వాత వస్తూ అమ్మమ్మ వాళ్ళ పెరట్లోంచి నాలుగు రెమ్మలు కవర్‌లో వేసుకొచ్చాను. బ్యాగ్ జిప్ తీయగానే రూమ్మేట్ "ఏంటే ఆ వాసన?" అని లేచి కూర్చుంది. బజార్లో కొన్న రెమ్మని పక్కన పెట్టి రెండూ నలిపి చూశాం. ఒకటి ముక్కుపుటాలు అదరగొట్టింది. రెండోది ఏదో పచ్చాకు. వంటవాళ్ళకి మనసులోనే సారీ చెప్పుకున్నాను.

ఆకుని ఫోన్ టార్చ్‌కి అడ్డం పెట్టి చూడండి. సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె గ్రంథులు. నలిపినా, పోపులో పడ్డా పగిలేవి అవే. పేరులో వేప ఉంది గానీ కరివేపాకు అసలు చుట్టాలు నిమ్మ, మారేడు, వెలగ. నిమ్మాకు నలిపినా ఘాటు రావడం ఆ కుటుంబ లక్షణమే.

ఆ నూనె ఒకే పదార్థం కాదు, చాలా వాటి కలగలుపు. అందులో ఆల్ఫా పైనీన్ ఉంటుంది, టర్పెంటైన్ వాసన దానిదే. మిరియాల్లో, లవంగాల్లో ఉండే కారియోఫిలీన్ ఉంటుంది. ధనియాల్లో ఉండే లినలూల్, నీలగిరి తైలంలో ఉండే సినియోల్ కూడా ఉంటాయి. అంటే మన పోపులపెట్టె సగం ఈ ఆకులోనే ఉందన్నమాట! వీటికి తోడు 1-ఫినైల్‌ఈథేన్‌థయాల్ అని గంధకం ఉన్న అణువు ఒకటి ఉంది. విడిగా చూస్తే మాడు వాసనట, కానీ కరివేపాకుని కరివేపాకులా అనిపించేవాటిలో అదీ ముఖ్యమైనదేనని 2015లో ఒక జర్మన్ పరిశోధనలో తేలింది.

ఈ కలగలుపు పాళ్ళు అన్ని చెట్లకీ ఒకేలా ఉండవు. ఒక చెట్టులో పైనీన్‌ది పైచేయి, ఇంకోదాంట్లో సాబినీన్‌ది, మరోదాంట్లో కారియోఫిలీన్‌ది. కంటికి కవలల్లా కనిపించే రెండు చెట్లు ముక్కుకి పరాయివాళ్ళు కావచ్చు. అందుకే సాగులో రకాలని విడిగా గుర్తిస్తారు. తమిళనాడులో సెంకాంబు అని కాడ ఎర్రగా ఉండే రకం ఉంది. ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన రకాల్లో ఒకదాని పేరే సువాసిని.

పుట్టుక ఒక్కటే కాదు, పెంపకం కూడా లెక్కలోకి వస్తుంది. నీడలో పెరిగిన ఆకు వెడల్పుగా, పల్చగా ఉంటుంది. యూరియా, నీళ్ళు దండిగా పోస్తే ఆకు బరువు పెరుగుతుంది, బజారుకి కావలసింది కూడా బరువే. పైగా కోసి, తడి గోనెలో కుక్కి, మన దాకా వచ్చేసరికి ఎన్ని పూటలవుతుందో. నీడన ఆరబెట్టి పొడి కొట్టుకున్నా సరే, ఎగిరిపోయే నూనె ఎగిరిపోతూనే ఉంటుంది. అందుకే నా మట్టుకు పోపులో సగం వేసి, మిగతా సగం దించేముందు తుంచి వేయడమే మంచి పద్ధతి. మెస్ కమిటీ గమనించగలరు.

నాకు దిగులు పట్టుకున్నది ఇంకోచోట. అమ్మమ్మ వాళ్ళ ఇల్లు అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతారట. చెట్టు పోతుందని బాధపడుతుంటే మామయ్య "దానికేముందమ్మా, నర్సరీలో ముప్పై రూపాయలు" అన్నాడు. నర్సరీలో దొరికేది కరివేపాకు మొక్కే, ఈ చెట్టు మాత్రం కాదు. దీని నల్ల పళ్ళలోంచి గింజలు తీసి నాటినా మొలక తల్లి వాసనతోనే వస్తుందన్న భరోసా లేదు. వేరు మీద నుంచి లేచే పిలక అలా కాదు. అది తల్లి చెట్టుకి జిరాక్స్ కాపీ. అదే జన్యువులు, అవే పాళ్ళు.

పిలకని ఒక్కసారిగా పీకితే బతకడం కష్టం. వానలు పడ్డాక, తల్లి వేరుతో ఉన్న లంకెని పారతో తెంపి, రెండు మూడు వారాలు అక్కడే వదిలేయాలి. సొంతంగా పీచు వేళ్ళు పట్టాక మట్టిగడ్డతో సహా తవ్వి తీయాలి.

ఇంటి రిజిస్ట్రేషన్ వచ్చే నెలాఖరుకి అనుకుంటున్నారు. పోయిన ఆదివారం మూడు పిలకల లంకెలు తెంపొచ్చాను. ఒకటి అమ్మమ్మ వెళ్ళబోయే ఫ్లాట్ బాల్కనీకి, ఒకటి మా ఇంటికి. మూడోది హాస్టల్ వెనక, మెస్ గోడ పక్కన ఎండ తగిలేచోట నాటుతానని వార్డెన్ మేడమ్‌ని అడిగాను. "మేకలు తినకుండా కంచె నువ్వే కట్టుకోవాలి" అన్నారు. కర్రలు దొరికాయి, ఇనుప వల ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.