మాతృత్వానికి ముందే మాత్ర

తెలుగు పాఠాలు చెప్పుకొనే మాకు విటమిన్ మాత్రల ప్రసంగం ఎందుకని విద్యార్థులు నవ్వుకొనవచ్చును. మా బంధువుల ఇంట కొన్నేళ్ళ కిందట ఒక బిడ్డ వెన్నుమీద నీటితిత్తితో జన్మించింది. శస్త్రచికిత్స జరిగింది గాని, కాళ్ళకు పూర్తి పట్టు రాలేదు. ఇంటి పెద్దలు కారణం వెదకి, కోడలు గ్రహణంనాడు ఆరుబయటికి వచ్చిందని తేల్చారు. ఆమె బదులు పలుకలేదు. ఆమె పక్షాన పలుకవలసిన మాటలు ఆనాడు మాకు తెలియవు. తెలిసిన పిమ్మట ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

గర్భస్థశిశువు మెదడు, వెన్నుపాము తొలుత ఒక చదునైన పలకవలె ఉంటాయి. ఆ పలక అంచులు పైకి లేచి, ఒకదానినొకటి కలిసి, గొట్టమై మూసుకొంటుంది. దీనినే నాడీనాళమంటారు. ఎక్కడైనా మూసుకొనక మిగిలితే మేము చూచిన వైకల్యం వంటిది ఏర్పడుతుంది. ఈ నిర్మాణమంతా గర్భం నిలిచిన సుమారు 28 రోజులలో ముగుస్తుంది. నెల తప్పిందని స్త్రీ గ్రహించేసరికే అందులో దాదాపు సగం గడచిపోతుంది. మన ఇళ్ళలోనా, దిష్టి తగులుతుందని మూడవ నెల దాటేదాకా మాట బయటపెట్టరు. ఆ తరువాత ఆసుపత్రికి పోయి తెచ్చుకొన్న మాత్ర తల్లి రక్తానికి మేలు చేస్తుంది. బిడ్డ వెన్ను విషయంలో మాత్రం సమయం మించిపోయినట్లే.

ఈ మాత్రలోని ముఖ్యద్రవ్యం ఫోలిక్ ఆమ్లం. లాటిన్ భాషలో ఫోలియం అనగా ఆకు. 1941లో పాలకూర నుండి దీనిని వేరుచేసిన శాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టారు. అంతకు పూర్వమే దీని జాడ మన దేశంలో కనిపించింది. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, అక్కడి నిరుపేద గర్భిణులకు, ముఖ్యంగా ముస్లిం స్త్రీలకు సోకే తీవ్ర రక్తహీనతను పరిశీలించి, వారి ఆహారలోపమే దానికి మూలమని అనుమానించారు. మార్మైట్ అనే ఈస్టు సారాన్ని ఇవ్వగా వారు కోలుకొన్నారు. 1931లో ఆమె ఆ ఫలితాలను ప్రకటించారు. అందులోని గుణద్రవ్యానికి అప్పటికింకా పేరైనా లేదు! దానిని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి సారథి మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. సంగ్రహణి వ్యాధికి ఇద్దరు సోదరులను కోల్పోయిన ఆయన చేతిమీదుగానే, ఆ వ్యాధికి సైతం ఉపకరించే ఈ ఔషధం లోకానికి అందింది.

నాడీనాళంతో దీనికిగల సంబంధం మాత్రం 1991లో గాని నిర్ధారణ కాలేదు. అంతకుముందు ఇటువంటి బిడ్డను కన్న తల్లులకు గర్భధారణకు ముందునుండే ఈ ఆమ్లం ఇవ్వగా, ఆ లోపం తిరిగి కలగడం నూటికి 72 వంతులు తగ్గింది. పూర్తిగా పోలేదన్నది కూడా గమనించాలి. కనుక లోపంతో బిడ్డ పుట్టిన ప్రతి తల్లినీ, మాత్ర వేసుకోలేదని నిందించడం గ్రహణం నిందకు మరో రూపమే అవుతుంది.

సంతానం కోరుకొన్ననాటి నుండి మూడు నెలలు నిండేవరకు దినానికి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలని వైద్యుల సలహా. మునుపు అటువంటి బిడ్డ కలిగినవారికి, మూర్ఛకు మందులు వాడేవారికి వైద్యులు ఎక్కువ మోతాదు ఇస్తారు. నాలుగవ నెల నుండి ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. దీనిని 180 దినాలు, ప్రసవానంతరం మరి 180 దినాలు వాడాలి. మలం నల్లబడిందని భయపడి మానివేసేవారున్నారు. అది ఇనుము వలన కలిగే రంగే. చాయితో కలిపి మింగితే ఇనుము ఒంటబట్టదు. నిమ్మరసం మేలు. బలమని రెండేసి మాత్రలు మింగరాదు. విటమిన్-ఏ మితిమీరితే శిశువుకే హాని. తోటకూర, పెసలు, శనగలు తినవలసిందే గాని, ఆకుకూరను ఉడికించి నీరు పారబోసే ఇళ్ళలో ఫోలిక్ ఆమ్లం చాలావరకు తూము పాలవుతున్నది.

మా బంధువుల కోడలు రెండవ సంతానం తలపెట్టినప్పుడు వైద్యురాలు మూడు నెలల ముందే మాత్ర వ్రాశారు. చీటీ పట్టుకొని దుకాణానికి పోయినవాడు ఆమె భర్త. ఎన్నో నెల అని దుకాణదారు అడిగాడట.

“ఇంకా ఏమీ లేదండీ, అందుకే” అన్నాడతడు.