కనిపించని కణముల కొరకు అన్వేషణ

కోరుట్ల ప్రాంతములో రైతులు పచ్చిపసుపును ఉడికించి ఎండబెట్టుతారు. అప్పుడు దాని బరువు సుమారు ఐదవ వంతుకు తగ్గుతుంది. తగ్గిన బరువు ఏమైనది? నీరు ఆవిరియై గాలిలో కలిసినది. ఆ ఆవిరిని ఎవరూ పట్టి తూచలేదు. అయినా మొదటి తూకము, చివరి తూకము తెలిసినచో, పోయిన నీరెంతో చెప్పవచ్చును.

భౌతికశాస్త్రములోను ఈ పద్ధతి ఉన్నది. బీటా క్షయములో కొంత శక్తి లెక్కకు రాకపోవుట చూచి, దానిని కనిపించని కణమొకటి తీసుకొనిపోవుచున్నదని 1930లో పౌలీ ఊహించెను. ఆ కణమే న్యూట్రినో. 1956లో రైన్స్, కోవన్ అనువారు దానిని ప్రయోగములో కనుగొన్నారు. నేడు ప్రోటానుల అభిఘాతములలో అతిసౌష్ఠవ కణములను వెదకుటకు కూడ ఇదే మార్గము.

అతిసౌష్ఠవము అనగా ఏమి? ప్రకృతిలోని మూలకణములు రెండు జాతులు. ఎలక్ట్రాన్, క్వార్కు మొదలగునవి ఫెర్మియానులు. వీని భ్రమణము అర్ధ పూర్ణాంకము. ఫోటాన్, గ్లూఆన్ మొదలగునవి బోసానులు. వీని భ్రమణము పూర్ణాంకము. ప్రతి ఫెర్మియానుకు ఒక బోసాను, ప్రతి బోసానుకు ఒక ఫెర్మియాను జతగా ఉండవలెనని 1970 దశకములో ఏర్పడిన సిద్ధాంతము చెప్పుచున్నది. ఎలక్ట్రానుకు జత సెలక్ట్రాన్. గ్లూఆనుకు జత గ్లూఇనో. ఈ జత కణములు తమ తోడు కణములంత తేలికవే అయినచో ఏనాడో కనబడియుండెడివి. కావున అవి ఉన్నచో మిక్కిలి బరువైనవై ఉండవలెను.

బరువైన కణములను పుట్టించుటకు అధిక శక్తి కావలెను. జెనీవా వద్ద, స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశముల సరిహద్దులో, భూమికి సుమారు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల యంత్రమున్నది. దాని అయస్కాంతములను సరియైన స్థానములో నిలుపు జాకీలు దాదాపు 7 వేలు మన దేశమునుండి వెళ్ళినవే. అందులో ప్రోటానుల గుంపులు ఎదురెదురుగా సెకనుకు సుమారు 4 కోట్ల సార్లు కలుసుకొనగలవు. 2022 నుండి అభిఘాత శక్తి 13.6 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు చేరినది.

అభిఘాతమునకు ముందు ప్రోటానులు ఒకే గీత వెంబడి పోవుచుండును. ప్రక్కల దిశలో వాని ద్రవ్యవేగము దాదాపు సున్న. ద్రవ్యవేగ నిత్యత్వ నియమము ప్రకారము, తరువాత పుట్టిన కణములన్నిటి ప్రక్క ద్రవ్యవేగములను దిశతో సహా కూడినను సున్నయే రావలెను. కణములన్నియు ఒక ప్రక్కకే ఎగసినట్లు కనబడినచో, రెండవ ప్రక్కకు కనిపించనిదేదో పోయినదని అర్థము. అతిసౌష్ఠవ కణములలో అన్నిటికంటె తేలికైనది శోధకమునకు చిక్కకుండ ఇట్లే తప్పించుకొనునని అనేక ప్రతిపాదనలు చెప్పుచున్నవి. విశ్వములోని కృష్ణపదార్థము అట్టి కణములతో ఏర్పడినదే కావచ్చునని ఒక ఆశ.

కాని లోటు కనబడినంత మాత్రమున క్రొత్త కణము దొరికినట్లు కాదు. న్యూట్రినోలు కూడ కనిపించకుండ పోవును. శోధకము తప్పుగా కొలిచినను లోటు రావచ్చును. అందువలన తెలిసిన కారణములచే ఎన్ని ఘటనలు రావలెనో ముందుగా లెక్కించి, వచ్చిన వానితో పోల్చుతారు. లెక్కకు మించి స్పష్టముగా వచ్చినప్పుడే క్రొత్త కణమును గూర్చి మాట్లాడవచ్చును.

ఇంతవరకు అట్టి మిగులు నిలకడగా కనబడలేదు. 2012లో హిగ్స్ కణము దొరికినది. అతిసౌష్ఠవ కణములు దొరకలేదు. సరళమైన ప్రతిపాదనలలో, ప్రోటానుకంటె సుమారు 2 వేల రెట్ల లోపు బరువు గల గ్లూఇనోలు లేవని తేలినది. ఇది సిద్ధాంతమునకు తుది తీర్పు కాదు. కణములు ఇంకను బరువైనవి కావచ్చును, లేక మరొక రీతిగా క్షయము చెందవచ్చును. అయినా ఎందరో ఆశపడిన మార్గములు కొన్ని మూసుకొనిపోయినవి.

పాఠశాల ప్రయోగశాలలో పుస్తకములోని విలువ రానప్పుడు అంకెలను సవరించి వ్రాయు విద్యార్థులున్నారు. వేలమంది శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి శ్రమించి, చివరకు "దొరకలేదు" అని ఉన్నదున్నట్లు ప్రకటించిరి. తరువాత వెదకువారు ఎచ్చట వెదకనక్కరలేదో ఆ మాటవలననే తెలిసినది.