శివారుదాకా చేరే సాఫ్ట్‌వేర్

ధవళేశ్వరం దగ్గర నిలిపిన గోదావరి నీరు బొబ్బర్లంక లాకుల మీదుగా కోనసీమ కాలువల్లోకి దిగుతుంది. గన్నవరం అక్విడెక్టు ఎక్కి, వైనతేయ పాయను దాటి రాజోలు వైపు పొలాలకు పారుతుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినా, శివారు చేను తడిసింది కాలువలు తవ్వాకే. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కూడా ఇలాగే పంపిణీ అవుతుంది.

అమలాపురంలో ఒక డిగ్రీ కుర్రాడు ప్రాజెక్టు రిపోర్టు తెలుగులో రాసుకుందామని లిబ్రెఆఫీస్ అనే ఓపెన్ సోర్స్ ఆఫీసు సాఫ్ట్‌వేర్ దించుకుంటున్నాడనుకోండి. ఫైలు సుమారు 350 ఎంబీ. దాన్ని తయారుచేసే డాక్యుమెంట్ ఫౌండేషన్ బెర్లిన్‌లో ఉంది. లోకమంతా అక్కడికే ఎగబడితే ఆ సర్వరు కూలబడుతుంది. అందుకే విశ్వవిద్యాలయాలు, ఇంటర్నెట్ కంపెనీలు అదే ఫైలు నకలును తమ దగ్గర ఉంచి ఉచితంగా అందిస్తాయి. వీటినే మిర్రర్లు అంటారు. మన దేశంలో ఐఐటీ కాన్పూర్, ఐఐటీ మద్రాసు ఈ సేవ చేశాయి. కుర్రాడు డౌన్‌లోడ్ నొక్కగానే అసలు సర్వరు అతనికి దగ్గర్లో ఉన్న మిర్రర్ వైపు దారి మళ్లిస్తుంది.

కొత్త విడుదల వచ్చినప్పుడు మిర్రర్ అంతా మళ్లీ దించుకోదు. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ 1996లో విడుదల చేసిన ఆర్‌సింక్ ప్రోగ్రాం రెండు వైపులా పోల్చి, మారిన ముక్కలనే తీసుకెళ్తుంది. ఒక్కో మిర్రర్ కొన్ని గంటలు వెనకబడుతుంది, అంతే. పైగా నీళ్లు పంచుకుంటే తరుగుతాయి, నకలు తరగదు. నాకు ఈ ఏర్పాటులో అన్నిటికంటే నచ్చేది ఇదే.

మరి దారిలో ఎవరైనా కల్తీ చేస్తే? చేశారు. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వెబ్‌సైటులోకి చొరబడినవాళ్లు డౌన్‌లోడ్ లింకును దొంగ ఫైలు వైపు తిప్పారు. ఆ ఫైలులో దొడ్డిదారి ఉంది. దీనికి కాపు హ్యాష్, అంటే ఫైలు నుంచి లెక్కగట్టిన గుర్తుల వరుస. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్-ఫైల్‌హ్యాష్ (Get-FileHash) అని టైపు చేసి పక్కన ఫైలు పేరు ఇస్తే 64 గుర్తుల వరుస వస్తుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ వరుస మొత్తం మారిపోతుంది. తయారీదారు ప్రకటించిన వరుసతో సరిపోల్చాలి. సైటే దొంగల చేతిలో పడితే ఆ వరుసనూ మార్చేయగలరు కాబట్టి, తయారీదారు డిజిటల్ సంతకాన్ని సరిచూడటం ఇంకా గట్టి పద్ధతి. లినక్స్‌లో డెబియన్ లాంటివి ప్యాకేజీలు ఎక్కించేటప్పుడు ఈ పరీక్ష వాటంతటవే చేస్తాయి. అందుకే ఊరూపేరూ తెలియని మిర్రర్ నుంచి తెచ్చుకున్నా భయం లేదు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట కాలేజీల్లో కంప్యూటర్ ల్యాబులు నడిపే అధ్యాపకులకు ఒక మనవి. నలభై కంప్యూటర్లు ఒకే ఫైలును నలభైసార్లు బయటినుంచి లాగనివ్వకండి. డెబియన్ భండారమంతా దాచాలంటే టెరాబైట్లు కావాలి, మనకు అంత అక్కర్లేదు. ల్యాబులో డెబియన్ లాంటి లినక్స్ ఉంటే, పాత కంప్యూటర్ ఒకదానిలో ఆప్ట్-క్యాచర్ ఎన్‌జీ అనే ప్రోగ్రాం పెడితే ఒకసారి వచ్చిన ప్యాకేజీని దాచి మిగతావాటికి అదే ఇస్తుంది. ఈ సెలవుల్లోనే పెట్టించండి.