సోకులు సరే, పాట ఎవరిది?

బ్రిటన్‌లో ఏదైనా పాప్ బ్యాండ్ విడిపోయిందంటే చాలు, ‘అందులో అందగాడు ఎవరో ఇక సోలోగా వాడిదే రాజ్యం’ అని జోస్యాలు మొదలవుతాయి. ఆ అందగాళ్ల గురించి ప్రచారంలో ఉన్న మాటల్లో పస ఎంతో చూద్దాం.

అపోహ: గౌను తొడిగిన మొదటి పాప్ స్టార్ హ్యారీ స్టైల్స్.

వాస్తవం: అమెరికన్ ఫ్యాషన్ పత్రిక ‘వోగ్’ ముఖచిత్రం మీద ఒంటరిగా కనిపించిన తొలి మగవాడు అతనే (2020 డిసెంబరు), అదీ గౌనులో. గౌను ముచ్చట మాత్రం పాతదే. 1971లో ‘ద మ్యాన్ హూ సోల్డ్ ద వరల్డ్’ ఆల్బమ్ బ్రిటిష్ అట్ట మీద డేవిడ్ బోవీ పొడవాటి గౌనులో, జుట్టు భుజాల మీద పడుతుండగా దివాన్ మీద వాలి ఉంటాడు. నేల నిండా పేకముక్కలు చెల్లాచెదురుగా పడి ఉంటాయి.

అపోహ: రికార్డు కంపెనీ ఎలా ముస్తాబు చేస్తే వీళ్లు అలా తిరుగుతారు.

వాస్తవం: తోలు జాకెట్, గిటారు జార్జ్ మైకేల్‌కి గుర్తులు. 1990లో ‘ఫ్రీడమ్! 90’ వీడియోకి అతను కెమెరా ముందుకే రాలేదు. నయోమీ క్యాంప్‌బెల్, సిండీ క్రాఫర్డ్ లాంటి మోడళ్లు పాటకు పెదాలు కదిపారు. డేవిడ్ ఫించర్ తీసిన ఆ వీడియోలో జాకెట్ తగలబడుతుంది, గిటారు పేలిపోతుంది. ఆ తెగింపుకి మూల్యం తప్పలేదు. ఒప్పందం నుంచి బయటపడాలని తన రికార్డు కంపెనీ సోనీ మీద వేసిన దావాలో 1994లో ఓడిపోయాడు.

అపోహ: బ్యాండ్‌కి పెద్దదిక్కు ఎవరో, సోలోలోనూ వాళ్లదే పైచేయి.

వాస్తవం: ‘టేక్ దట్’ బ్యాండ్ పాటలు ఎక్కువగా గ్యారీ బార్లో రాసినవే. 1996లో అతని తొలి సోలో పాట నంబర్ వన్ అయింది కూడా. అప్పటికే బ్యాండ్ వదిలేసిన రాబీ విలియమ్స్ అదే ఏడు జార్జ్ మైకేల్ ‘ఫ్రీడమ్’నే మళ్లీ పాడి సోలోగా మొదలెట్టాడు. మొదటి ఆల్బమ్ మందకొడిగా అమ్ముడైంది. 1997 డిసెంబరులో ‘ఏంజెల్స్’ వచ్చాక కథ తిరగబడింది. ఆ పాట బ్రిటన్‌లో 4వ స్థానం దాటకపోయినా రాబీని నిలబెట్టింది. 2003లో నెబ్‌వర్త్‌లో 3 రాత్రుల కచేరీలకు 3.75 లక్షల మంది వచ్చారు.

అపోహ: బ్రిటన్ గెలిస్తే అమెరికా చేతికొచ్చినట్టే.

వాస్తవం: అదే ‘ఏంజెల్స్’ అమెరికా పాటల పట్టిక ‘హాట్ 100’లో 53 దగ్గరే ఆగిపోయింది. హ్యారీ ‘యాజ్ ఇట్ వాజ్’ 2022లో అక్కడ 15 వారాలు నంబర్ వన్‌గా ఉంది. ఇద్దరూ బ్రిటన్‌లో సూపర్‌స్టార్లే.

అపోహ: మొహం వీళ్లది, పాట పని వేరేవాళ్లది.

వాస్తవం: ‘లాస్ట్ క్రిస్మస్’ పేరుకి జార్జ్ మైకేల్ బ్యాండ్ ‘వామ్!’ పాట. దాన్ని రాసిందీ, 1984 ఆగస్టు ఎండల్లో లండన్ స్టూడియోలో పాడి, కీబోర్డూ డ్రమ్ మెషీనూ వాయించి, ఆఖరికి మంచుబండి మువ్వలు కూడా తానే ఊపి రికార్డు చేసిందీ జార్జ్ మైకేలే. అలాగని అందరూ ఒంటి చేత్తో కట్టేయరు. రాబీకి గై ఛాంబర్స్, హ్యారీకి కిడ్ హార్పూన్, టైలర్ జాన్సన్ తోడు. ఈసారి ఏ అందగాడి పాటైనా నచ్చితే ఫొటోతో ఆగకుండా రచన, ప్రొడక్షన్ కింద ఎవరి పేర్లున్నాయో చూడండి. సోలోగా ఎంతకాలం నిలుస్తాడో ఫొటో కన్నా ఆ పేర్లే బాగా చెబుతాయి.