రెండు రెండు చుక్కలు

కథలకొచ్చే పారితోషికం ఏపాటిదో మీకు తెలియంది కాదు. అందుకే, మావారు ఆఫీసుకీ అమ్మాయి కాలేజీకీ వెళ్లాక ఇంగ్లిషు నుంచి అనువాదాలు చేస్తున్నాను. దానికో సాఫ్ట్‌వేర్ ఉంది. వాక్యానికో గడి, ఎడమవైపు ఇంగ్లిషు, కుడివైపు మన తెలుగు. అంతవరకూ బాగానే ఉంటుంది. చివర్లో తనిఖీ మీట నొక్కామా, హెచ్చరికల వాన! లక్షని మన పద్ధతిలో 1,00,000 అని రాస్తే అంకె తేడా అంటుంది. దానికి 100,000 కావాలి. 'వేడి వేడి అన్నం' అంటే మాట రెండుసార్లు పడిందంటుంది. ఇంగ్లిషులో 'ద' రెండుసార్లు పడితే చేతి పొరపాటే. మనకలా కాదే!

ఒక్క హెచ్చరికా మిగలకూడదని పని ఇచ్చినవాళ్ల షరతు. మొన్న కంటి మందు కరపత్రం చేస్తూ, రాత్రి పదకొండున్నరకి విసుగెత్తి, హెచ్చరిక ఉన్నచోటల్లా రెండో మాట కొట్టేసుకుంటూ పోయాను. పంపేముందు ఎందుకో పైకి చదివాను. 'రెండు కళ్లలోనూ రెండు రెండు చుక్కలు వేయండి' అని రాసింది కాస్తా 'రెండు కళ్లలోనూ రెండు చుక్కలు' అయి కూర్చుంది. అంటే, కంటికి ఒక్కటే అనుకుంటే? మా అత్తయ్యకు శుక్లాల ఆపరేషనయ్యాక చుక్కలు వేసింది నేనే. గుండె ఝల్లుమంది.

'కంటికి రెండేసి' అని మార్చాను. దానికి అభ్యంతరం లేదట!

తెల్లారాక సెట్టింగులు వెతికితే తెలిసింది, ఆ తనిఖీకి టిక్కు ముందే పెట్టి ఉంటుందని. వాక్యం మొదట్లో పెద్ద అక్షరం ఉందా లేదా అన్నదానికీ టిక్కే. మన లిపిలో పెద్ద అక్షరాలెక్కడివో మరి! రెండూ తీసేసి, కారణం పనిచ్చినవాళ్లకి రాసి పంపాను. జవాబు ఇంకా రాలేదు.